విండోస్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసే ముందు జాగ్రత్తలు

లినక్స్ వేస్తుండగా డిస్క్ కనిపించకపోయినా, వేశాక ఒక డ్రైవ్ మాయమైనా, చాలామంది కంగారుపడి తెరమీద కనిపించిన మొదటి బటన్ నొక్కేస్తారు. అప్పటిదాకా భద్రంగా ఉన్న డేటా ఆ నొక్కుడుతోనే పోతుంది. డిస్క్‌లో ఏముందో సిస్టమ్ ఎక్కడ చూసి తెలుసుకుంటుందో ముందే తెలిస్తే ఆ కంగారు ఉండదు.

సిస్టమ్ మొదట చూసేది డిస్క్ తొలి సెక్టార్, అంటే డిస్క్‌ను విడగొట్టిన చిన్న ముక్కల్లో మొదటిది. పార్టిషన్లు (డిస్క్‌లో విడదీసిన భాగాలు) ఎక్కడున్నాయో రాసిపెట్టే పాత ఎంబీఆర్ పద్ధతిలో ఆ 512 బైట్లలోనే అన్నీ ఉంటాయి. చివరి రెండు బైట్లు 55, ఏఏ అనే గుర్తు. దానికి ముందున్న 64 బైట్లలో, ఒక్కోదానికి 16 చొప్పున, నాలుగు పార్టిషన్ల వివరాలు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో వాడే జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఆ సెక్టార్, పాత సాఫ్ట్‌వేర్ డిస్క్ ఖాళీ అనుకోకుండా, కాపలాకి మాత్రమే. పార్టిషన్ల పట్టిక (టేబుల్) ఎక్కడుందో చెప్పే అసలు హెడర్ రెండో సెక్టార్‌లో ఉంటుంది. దాని నకలు డిస్క్ చిట్టచివర ఉంటుంది కాబట్టి మొదలు చెడినా టేబుల్‌ను నిలబెట్టుకోవచ్చు. ఎంబీఆర్‌కి ఆ వెసులుబాటు లేదు.

పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో టేబుల్ చెబుతుంది. లోపలి ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) ఏదో తేల్చేది పార్టిషన్ లోపలున్న గుర్తు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ అయితే మొదటి మూడు బైట్ల తర్వాత ఆ పేరే రాసి ఉంటుంది. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4లో మొదటి 1024 బైట్లు దాటాక సూపర్‌బ్లాక్ అనే వివరాల భాగం, అందులో ఈఎఫ్53 అనే సంఖ్య. ఈఎక్స్‌టీ4ను విండోస్ తనంతట తాను చదవలేదు. అందుకే ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌కి డ్రైవ్ లెటర్ తగిలితే ఫార్మాట్ చేయాలంటుంది. క్యాన్సిల్ కొట్టండి. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ 'ఇనిషియలైజ్ డిస్క్' (డిస్క్‌ను కొత్తగా సిద్ధం చేయాలా) అని అడిగినా అంతే. పాత డేటా ఉన్న డిస్క్‌ను ఒక యూఎస్‌బీ కేస్ (డిస్క్‌ను బయటినుంచి తగిలించే పెట్టె) లోంచి ఇంకోదానిలోకి మార్చినప్పుడూ కొన్నిసార్లు ఇలాగే అడుగుతుంది. ఒక కేస్ సెక్టార్‌ను 4096 బైట్లుగా, ఇంకోటి 512గా చూపిస్తే సిస్టమ్ హెడర్ కోసం తప్పుచోట వెతుకుతుంది. పాత కేస్‌లో తిరిగి పెడితే అన్నీ కనిపిస్తాయి.

బ్యాకప్ వేరే డిస్క్‌లోకే తీయండి. అదే డిస్క్‌లోని డీ డ్రైవ్ లెక్కలోకి రాదు. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో మనం ఆన్ చేయకున్నా డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్) నడుస్తుంటుంది. 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ సెట్టింగ్ కదిపితే విండోస్ దాన్ని అడగొచ్చు.

విండోస్ త్వరగా తెరుచుకునేలా చేసే ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్ తప్పక ఆపండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, ఎన్‌టీఎఫ్ఎస్ సగంలో వదిలేసినట్టు ఉంటుంది. అప్పుడు లినక్స్ ఆ పార్టిషన్‌ను చదవడానికే ఇస్తుంది, రాయనివ్వదు. బలవంతంగా రాయిస్తే ఫైళ్లు చెడతాయి.

లినక్స్‌కి కావాల్సిన ఖాళీ చోటు విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ష్రింక్ వాల్యూమ్'తోనే తీయండి. అనుకున్నంత తగ్గకపోతే పేజ్‌ఫైల్ (మెమరీ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్) లాంటి కదలని ఫైళ్లు అడ్డున్నట్టు. ఇన్‌స్టాలర్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఎదురుగా ఉన్న ఫార్మాట్ టిక్ తీసేయండి. చిన్న ఎఫ్ఏటీ32 పార్టిషన్ కదా అనిపిస్తుంది గానీ, విండోస్ బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి.

ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించకపోతే చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో కారణం బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రామ్) లోని ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ అనే, డిస్క్‌ను నడిపే ఇంటెల్ సెట్టింగ్. దాన్ని ఉన్నపళంగా మారిస్తే విండోస్ బూట్ కాదు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌కి (అతి ముఖ్యమైన వాటితోనే మొదలయ్యే విధానం) పెట్టి, ఆ తర్వాత మార్చండి.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) బూట్ అయ్యాక ఎస్‌జీడిస్క్ అనే కమాండ్‌తో జీపీటీ టేబుల్‌ను ఫైల్‌గా తీసి, వేరే పెన్‌డ్రైవ్‌లో దాచండి. 20 కేబీ కూడా ఉండదు. టేబుల్ పోతే డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా ఆ ఫైల్‌ను తిరిగి ఎక్కించాలి. ఆ ఫైల్ లేకపోతే, పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ వాడండి. అది పైన చెప్పిన గుర్తుల కోసం డిస్క్ అంతా వెతుకుతుంది. దొరికిన పార్టిషన్‌లోని ఫైళ్ల జాబితా తెరిచి చూసి, అవి మీవేనని తేలాకే 'రైట్' నొక్కండి.