తీరపు రాళ్లపై నల్లని లైకెన్‌ను గుర్తించి నమోదు చేయడం ఎలా?

బిర్యానీలో వేసే రాతిపువ్వు లైకెన్ అని ఎరిగినవారు సైతం, బ్రిటన్, నార్వే తీరాల రాళ్లపై పరుచుకునే హైడ్రోపంక్టేరియా మౌరా అనే నల్లని లైకెన్‌ను (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవిని) తొలిచూపులో ఒలికిన చమురు మరకగానే భావిస్తారు.

అనుమానం తీరాలంటే ఆటు సమయంలో వెళ్లాలి. తడి రాయి జారుతుంది కనుక అడుగు చూసి వేయాలి. బార్నకిల్ (రాళ్లకు అతుక్కుని బతికే చిన్న సముద్రజీవి) గుల్లలు అంటుకున్న మట్టానికి కాస్త పైన, నారింజ రంగు లైకెన్లకు దిగువన, నల్లటి పట్టీ కనిపిస్తుంది. అలల తుంపర ఎంత ఎత్తుకు చేరితే పట్టీ అంత వెడల్పుగా ఉంటుంది. తాజా చమురు జిగురుగా వేలికి అంటుతుంది, లైకెన్ అంటదు. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో, మెరుపులేని పొర సన్నటి పగుళ్లతో, బీజాశయాల (లైకెన్ సిద్ధబీజాలు తయారయ్యే గదుల) బుడిపెలతో గరుకుగా కనబడుతుంది. ఇంకా దిగువన నునుపుగా, ఆకుపచ్చ ఛాయతో ఉండేది వాలెన్‌బెర్గియెల్లా మ్యుకోసా.

అసలు చిక్కు పేరుతోనే వస్తుంది. వాలెన్‌బెర్గ్ అనే స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు 1803లో దీనిని వెర్రుకేరియా మౌరాగా వర్ణించాడు. 2009లో కెల్లర్, గైడాన్, తూస్ అనే పరిశోధకులు దీనిని హైడ్రోపంక్టేరియా అనే కొత్త ప్రజాతిలోకి (దగ్గరి జాతుల సమూహంలోకి) మార్చారు. అందుకే పూర్తి నామంలో వాలెన్‌బెర్గ్ పేరును కుండలీకరణంలో, మార్చినవారి పేర్లను దాని తరువాత రాయాలి. (పక్కనున్న మ్యుకోసా ప్రజాతికి వాలెన్‌బెర్గ్ పేరే పెట్టడం ముచ్చటైన విషయం.) 2012లో లైకెన్ నిపుణుడు ఆలన్ ఆరెంజ్ వాయవ్య ఐరోపా నమూనాలను పరిశీలించి, చూడటానికి దాదాపు మౌరాలాగే ఉండే ఎరాక్టినా, ఓషియానికా, ఒరే అనే జాతులను వేరుచేశాడు.

కాబట్టి కంటితో మాత్రమే చూసినప్పుడు "మౌరా, విస్తృతార్థంలో" (అంటే దాన్ని పోలిన జాతులనూ కలుపుకుని) అని రాయడమే నిజాయితీ. ఐరోపా అట్లాంటిక్ తీరం, ఐస్‌లాండ్, ఉత్తర అమెరికా తీరాల నుంచి ఈ పేరుతో చేరిన పాత నమోదులను పటంపై గుర్తించేటప్పుడు, 2012కు ముందువాటిని ఒక జాతికి కాక ఒక సముదాయానికి చెందినవిగా, వేరే గుర్తుతో చూపాలి. లేకుంటే వ్యాప్తి ఉన్నదానికంటే విశాలంగా కనిపించే ప్రమాదం ఉంది. వెర్రుకేరియా పేరుతో ఉన్నవాటినీ వెతకడం మరువరాదు.

నమోదులో తేదీ, స్థలం, రాతి రకం, పోటు గీత నుంచి ఎత్తు, అలల తాకిడి, ఇరుగుపొరుగు జాతులు ఉండాలి. జాతిని కచ్చితంగా తేల్చాలంటే సూక్ష్మదర్శిని పరీక్ష, అవసరమైతే డీఎన్ఏ పరీక్ష కావాలి. అందుకు స్థల యజమాని అనుమతితో, బీజాశయాలున్న గోరంత రాతి పెచ్చును ఉలితో తీసి, ఆరబెట్టి, వివరాలు రాసిన కాగితపు కవరులో భద్రపరిస్తే సరిపోతుంది.