ఏ బేస్‌బాల్ లీగ్ బలమైనదో తేల్చడం ఎలా?

బేస్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే మాట కాసేపటికి ఇక్కడికే వస్తుంది: అమెరికన్ లీగ్ గొప్పదా, నేషనల్ లీగ్ గొప్పదా? జపాన్‌లో అయితే సెంట్రల్ లీగా, పసిఫిక్ లీగా? ఎవరు పట్టిన కుందేలుకు వాళ్లకు మూడే కాళ్లు. ఒకరు కప్పులు లెక్కపెడతారు, ఇంకొకరు హోమ్ రన్‌లు (క్రికెట్ సిక్సర్ లాంటి భారీ షాట్లు) లెక్కపెడతారు, వాదన ఎటూ తెగదు. నిజానికి ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కొన్ని కాలాల విషయంలో చాలా స్పష్టంగా దొరుకుతుంది. పదో తరగతి లెక్కలు వస్తే చాలు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ అంటే 30 జట్లు. 1876లో మొదలైన నేషనల్ లీగ్‌లో 15, 1901లో పుట్టిన అమెరికన్ లీగ్‌లో 15. చాలాకాలం ఈ రెండు లీగ్‌లూ సీజన్‌లో ఒకదాని ముఖం ఒకటి చూసేవి కావు. రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్లు తలపడే ఆల్‌స్టార్ మ్యాచ్‌లోనూ, చివర్లో రెండు లీగ్‌ల విజేతలు ఆడే వరల్డ్ సిరీస్‌లోనూ మాత్రమే తలపడేవి. 1997 జూన్ 12న ఆ పద్ధతి మారింది. ఇప్పుడు వేల తెలుగు కుటుంబాలు ఉంటున్న డాలస్ పక్కనే, ఆర్లింగ్టన్‌లో, నేషనల్ లీగ్ జట్టు శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అమెరికన్ లీగ్ జట్టు టెక్సస్ రేంజర్స్‌ను 4-3తో ఓడించింది. సీజన్ మ్యాచ్‌లలో మొదటి ఇంటర్‌లీగ్ మ్యాచ్ అదే. అప్పటిదాకా ఊహలతో నడిచిన వాదనకు ఆ రోజు నుంచి లెక్కలు దొరకడం మొదలైంది.

1. ఏ కాలం గురించి, ఎవరి గురించి మాట్లాడుతున్నారో ముందే తేల్చుకోండి

"ఏ లీగ్ గొప్పది?" అన్న ప్రశ్నకు ఏడాది చెప్పకపోతే అర్థం లేదు. 1970లలో జవాబు వేరు, 2006లో వేరు, ఇప్పుడు వేరు. అలాగే అన్నిటికన్నా మంచి జట్టు ఏ లీగ్‌లో ఉందన్నది ఒక ప్రశ్న, మొత్తంగా ఏ లీగ్ గట్టిది అన్నది ఇంకో ప్రశ్న. నా దృష్టిలో లీగ్ బలం అంటే పట్టికలో మధ్యలో ఉన్న జట్టు బలం. డాడ్జర్స్, యాంకీస్ లాంటి ఒక్క పేరున్న జట్టును చూపించి లీగ్ మొత్తానికి మార్కులు వేయకూడదు.

2. లీగ్ లోపలి అంకెలను పక్కన పెట్టండి

రెండు కాలేజీలు ఎవరి పేపర్ వాళ్లే తయారుచేసుకుని, వాళ్లే దిద్దుకుంటే, ఆ మార్కులు చూసి ఏ కాలేజీ పిల్లలు తెలివైనవాళ్లో చెప్పగలమా? లీగ్ లోపలి అంకెలూ అంతే. లోపల ఒక జట్టు గెలిస్తే లోపలే ఇంకో జట్టు ఓడుతుంది. లీగ్ ఎంత బలహీనమైనదైనా మొత్తం మీద గెలుపులు, ఓటములు సమానంగానే ఉంటాయి. హోమ్ రన్‌లు ఎక్కువ కొట్టారంటే బ్యాటర్లు గట్టివాళ్లు కావచ్చు, ఎదురుగా బంతి విసిరే పిచ్చర్లు నీరసమైనవాళ్లూ కావచ్చు. లోపల కూర్చుని చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

దీనికి తోడు రూల్స్ తేడా. అమెరికన్ లీగ్ 1973లో డెసిగ్నేటెడ్ హిట్టర్ పద్ధతి తెచ్చింది. పిచ్చర్ బ్యాటింగ్ చేయడు, అతని బదులు కొట్టడానికే ఒక బ్యాటర్ ఉంటాడు. దీన్నే డీహెచ్ అంటారు. నేషనల్ లీగ్ మాత్రం, కోవిడ్ వల్ల కుదించిన 2020 సీజన్‌లో తప్ప, 2021 వరకు పిచ్చర్‌తోనే బ్యాటింగ్ చేయించింది. ఆ ఆఖరి ఏడాది పిచ్చర్ల బ్యాటింగ్ సగటు .110. వందసార్లు కొట్టడానికి నిలబడితే పదకొండు హిట్లు. తొమ్మిది మందిలో ఒకడు ఇలాంటివాడైతే ఎదుటి పిచ్చర్‌కు ఎంత తేలికో ఊహించుకోండి. అందుకే ఆ రోజుల్లో నేషనల్ లీగ్ పిచ్చర్ల ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున వాళ్ల ఖాతాలో పడే పరుగులు, తక్కువగా కనిపించినా దాన్ని గొప్పగా చెప్పుకోవడానికి లేదు.

3. కప్పు చూసి మోసపోకండి

2006 సంగతి చూడండి. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌లో నేషనల్ లీగ్ జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్ 4-1తో డెట్రాయిట్ టైగర్స్‌ను ఓడించింది. సీజన్‌లో ఆ జట్టు గెలిచినవి 83 మ్యాచ్‌లే. పూర్తి సీజన్ ఆడి కప్పు గెలిచిన జట్లలో అంత తక్కువ గెలుపులు ఇంకెవరికీ లేవు. అదే ఏడాది ఇంటర్‌లీగ్ మ్యాచ్‌లలో నేషనల్ లీగ్ చిత్తుగా ఓడింది: అమెరికన్ లీగ్‌కు 154 గెలుపులు, 98 ఓటములు. కప్పు ఒకరిది, బలం ఇంకొకరిది.

ఇందులో వింతేమీ లేదు. ప్రతి మ్యాచ్‌లో 55 శాతం గెలిచే అవకాశం ఉన్న జట్టు కూడా ఏడు మ్యాచ్‌ల సిరీస్‌ను నూటికి దాదాపు 39 సార్లు ఓడిపోతుంది. బేస్‌బాల్ స్వభావమే అంత. ఒక్క సిరీస్‌తో లీగ్ బలాన్ని తూచడం కుదరదు.

4. ఎదురెదురు మ్యాచ్‌లు లెక్కపెట్టి, అదృష్టాన్ని వేరు చేయండి

అసలు పని ఇక్కడే ఉంది. పద్ధతి ఇది: రెండు లీగ్‌ల మధ్య ఎన్ని మ్యాచ్‌లు జరిగాయో చూసి దానికి వర్గమూలం కట్టండి. తర్వాత గెలుపులకూ ఓటములకూ మధ్య తేడా చూడండి. తేడా వర్గమూలం కన్నా తక్కువైతే అది గాలివాటం, బొమ్మాబొరుసు వేసినా అంత తేడా వస్తుంది. వర్గమూలానికి రెట్టింపు దాటితే అందులో నిజమైన బలం ఉందని నమ్మవచ్చు. మధ్యలో ఉంటే ఇంకో ఏడాది లెక్కలు కూడా కలుపుకోవాలి.

2006తో చేద్దాం. 154, 98 కలిపితే 252 మ్యాచ్‌లు. వర్గమూలం సుమారు 16. తేడా 56. అంటే మూడున్నర రెట్లు. ఇక వాదన అక్కర్లేదు, ఆ ఏడాది అమెరికన్ లీగ్ బలమైనది.

ఇప్పుడు 2018. 2004 నుంచి 2017 వరకు వరసగా 14 ఏళ్లు ఇంటర్‌లీగ్‌లో అమెరికన్ లీగ్‌దే పైచేయి. 2018లో నేషనల్ లీగ్ 158-142తో ముందుకొచ్చింది. "ఇక మాదే రాజ్యం" అనుకున్న అభిమానులకు లెక్క ఏం చెబుతుంది? 300 మ్యాచ్‌లకు వర్గమూలం 17కు కాస్త ఎక్కువ, తేడా 16. గాలివాటంగా రాగల తేడానే. అమెరికన్ లీగ్ ఆధిపత్యం సడలిందని అనవచ్చు, నేషనల్ లీగ్ దాన్ని దాటేసిందని అనలేం.

జపాన్‌లో ఒక్కో లీగ్‌లో ఆరు జట్లే ఉంటాయి. ఇంటర్‌లీగ్ 2005లో మొదలైంది. 2015 నుంచి ఒక్కో జట్టు 18 మ్యాచ్‌లు ఆడుతోంది, మొత్తం 108. వర్గమూలం పదికి కొంచెం పైన. 2015లో పసిఫిక్ లీగ్ 61-44తో గెలిచింది (మిగిలినవి డ్రా). తేడా 17, గట్టి అనుమానమే కానీ రుజువు కాదు. 2022లో సెంట్రల్ లీగ్ 55-53తో గెలిచింది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఇంత తక్కువ మ్యాచ్‌లు ఉన్నచోట ఏళ్లను కలిపి చూడాలి. 2005 నుంచి 2019 వరకు 15 సీజన్లలో 14 పసిఫిక్ లీగ్‌వే, ఒక్క 2009లోనే సెంట్రల్ గెలిచింది. తేడా 13, పదిహేనుకు వర్గమూలం నాలుగు కూడా లేదు. ఒక్కో ఏడాదిని విడిగా చూస్తే తప్పించుకోవచ్చు, అన్నీ వరసగా పెడితే తప్పించుకోలేరు.

లెక్క అయ్యాక రెండు తనిఖీలు తప్పనిసరి. మొదటిది, ఒక్క జట్టును తీసేసి మళ్లీ లెక్కపెట్టండి. పసిఫిక్ విషయంలో ఫుకుఓకా సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్‌ను తీసేయాలి. 2017 నుంచి 2020 వరకు వరసగా నాలుగుసార్లు జపాన్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల ఫైనల్) గెలిచిన జట్టు అది. అందులో 2019, 2020లలో యోమియురి జెయింట్స్‌ను 4-0తోనే ఊడ్చేసింది. అలాంటి జట్టును తీసేసినా లీగ్ ముందుంటేనే అది లీగ్ బలం. రెండోది, మైదానాల వారీగా విడదీయండి. అమెరికన్ లీగ్ మైదానంలో ఆడేటప్పుడు నేషనల్ లీగ్ జట్టు బెంచీ మీదవాణ్ణి డీహెచ్‌గా దించాల్సి వచ్చేది. ఎదుటివాళ్లకు అదే పని మీద పెట్టుకున్న డేవిడ్ ఆర్టిజ్ లాంటి హిట్టర్ ఉండేవాడు. ఆ లాభం రూల్ ఇచ్చింది, ప్రతిభ కాదు. నేషనల్ లీగ్ మైదానాల్లో ఫలితాలు విడిగా చూస్తే ఇది కొంత బయటపడుతుంది.

5. లీగ్ మారిన ఆటగాళ్లను వెంబడించండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. అదే చెయ్యి, అదే బంతి, ఎదురుగా బ్యాటర్లు మాత్రం వేరు.

2008లో పిచ్చర్ సీసీ సబాతియా సీజన్‌ను అమెరికన్ లీగ్‌లోని క్లీవ్‌లాండ్‌తో మొదలుపెట్టాడు. 6 గెలుపులు, 8 ఓటములు, ఈఆర్ఏ 3.83. జూలైలో నేషనల్ లీగ్‌లోని మిల్వాకీకి వెళ్లాడు. అక్కడ 11 గెలుపులు, 2 ఓటములు, ఈఆర్ఏ 1.65. చూడగానే కేసు తేలిపోయినట్టు అనిపిస్తుంది. కానీ క్లీవ్‌లాండ్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లలో అతను దారుణంగా వేశాడు, ఆ తర్వాత గాడిలో పడ్డాడు. ఆ నాలుగూ తీసేస్తే తేడా బాగా తగ్గుతుంది.

ఇంకో పిచ్చర్ రోజర్ క్లెమెన్స్ ఉదాహరణ ఇంకా గట్టిది. 2003లో అమెరికన్ లీగ్‌లోని యాంకీస్‌కు ఆడినప్పుడు ఈఆర్ఏ 3.91. అప్పట్లో నేషనల్ లీగ్‌లో ఉన్న హ్యూస్టన్‌కు వెళ్లాక 2004లో 2.98, 2005లో 1.87, 2006లో 2.30. 2007లో మళ్లీ యాంకీస్‌కు వస్తే 4.18. నలభై దాటిన మనిషి అంకెలు ఏడాదికేడాది పాడవ్వాలి, ఇక్కడ మెరుగై మళ్లీ పాడయ్యాయి. కొంత డీహెచ్ వల్ల, కొంత లీగ్ వల్ల. అలాగని ఒక్కరితో తీర్పు ఇవ్వకండి. పిచ్చర్ జాష్ బెకెట్ ఈఆర్ఏ 2005లో నేషనల్ లీగ్‌లో 3.38, 2006లో అమెరికన్ లీగ్‌లోని బోస్టన్‌లో 5.01. అమెరికన్ లీగ్ ఎంత కఠినమో చూడండి అన్నారు. మరుసటి ఏడాది అదే బోస్టన్‌లో 3.27, 20 గెలుపులు. కాబట్టి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారినవాళ్లను కనీసం ముప్పై నలభై మందిని పోగేసి, మారకముందు ఏడాదినీ తర్వాత ఏడాదినీ పోల్చండి. రెండు దిక్కులా తీసుకుంటే వయసు ప్రభావం ఇద్దరికీ సమానంగా పడి తప్పుకుంటుంది.

ఎదురెదురుగా ఆడని లీగ్‌లకు ఇదొక్కటే దారి. హిదెకి మత్సుయి 2002లో జపాన్‌లో 50 హోమ్ రన్‌లు కొట్టాడు, 2003లో యాంకీస్‌కు 16. కొసుకె ఫుకుదొమె 2006లో .351 సగటుతో ఆడాడు, 2008లో షికాగో కబ్స్‌కు .257. కొరియాలో 2020లో 30 హోమ్ రన్‌లు కొట్టిన కిమ్ హా-సంగ్‌కు 2021లో శాన్ డియాగోలో దక్కినవి 8, సగటు .202. ఎదురుదిశలో చూస్తే, అమెరికాలో స్థానం నిలబెట్టుకోలేకపోయిన ఎరిక్ థేమ్స్ 2015లో కొరియాలో 47 హోమ్ రన్‌లు కొట్టి 40 బేస్‌లు దొంగిలించాడు (బ్యాటర్ కొట్టకముందే పరిగెత్తి తర్వాతి బేస్ చేరడం). అక్కడి స్టార్ ఇక్కడ సాధారణ ఆటగాడు కావడం, ఇక్కడి సాధారణ ఆటగాడు అక్కడ స్టార్ కావడం పదేపదే జరుగుతుంటే దిశ తెలిసిపోతుంది: ముందు అమెరికా, తర్వాత జపాన్, ఆ తర్వాత కొరియా. మినహాయింపులు ఉంటాయి. సెసిల్ ఫీల్డర్ 1989లో జపాన్ జట్టు హన్షిన్‌కు 38 కొట్టి, 1990లో డెట్రాయిట్‌కు 51 కొట్టాడు. అలాగే మొదటి ఏడాది చూసి కొట్టిపారేయకండి. కిమ్ 2023కి 17 హోమ్ రన్‌లకు చేరాడు, ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు కూడా అందుకున్నాడు.

దేశాల జట్లు ఆడే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌ను ఈ లెక్కలోకి లాగకండి. 2023 ఫైనల్లో జపాన్ 3-2తో అమెరికాను ఓడించింది, నిజమే. కానీ ఆఖరి బ్యాటర్‌ను ఔట్ చేసిన జపాన్ ఆటగాడు ఒహ్తాని అప్పటికే అమెరికన్ లీగ్ ఆటగాడు. దేశం జట్టు వేరు, లీగ్ వేరు.

6. కారణం దొరికేదాకా ఆగకండి

లెక్క ఒక మాట చెబితే, ఎందుకలా అన్నదానికి జవాబు ఉండాలి. 1963 నుంచి 1982 వరకు 20 ఆల్‌స్టార్ మ్యాచ్‌లలో నేషనల్ లీగ్ 19 గెలిచింది, ఒక్క 1971లో ఓడింది. తేడా 18, వర్గమూలానికి నాలుగు రెట్లు. అదే కాలంలో వరల్డ్ సిరీస్‌లు 12-8, అది గాలివాటం పరిధిలోనే ఉంది. ఆల్‌స్టార్ మ్యాచ్ చూపించేది పైవరసలోని ఆటగాళ్లను, ఆ పైవరసలో నేషనల్ లీగ్ నిజంగానే ఎంతో ముందుంది.

ఎందుకు? 1947లో జాకీ రాబిన్సన్ నేషనల్ లీగ్‌లోని బ్రూక్లిన్ డాడ్జర్స్‌తో వర్ణవివక్ష గోడను బద్దలు కొట్టాడు. అదే ఏడాది జూలైలో అమెరికన్ లీగ్‌లోకి లారీ డోబీ వచ్చాడు. కానీ తర్వాతి పదేళ్లలో నల్లజాతి ఆటగాళ్లకు తలుపు ఎక్కువగా తెరిచింది నేషనల్ లీగే. విల్లీ మేస్, హాంక్ ఆరన్, ఎర్నీ బ్యాంక్స్, రొబెర్టో క్లెమెంటే అందరూ అక్కడే. 1949 నుంచి 1959 వరకు 11 నేషనల్ లీగ్ ఎంవీపీ (ఏడాది మేటి ఆటగాడు) అవార్డులలో 9 నల్లజాతి ఆటగాళ్లకు వెళ్లాయి. అమెరికన్ లీగ్‌లో అలాంటి మొదటి అవార్డు 1963లో ఎల్‌స్టన్ హోవర్డ్‌కు దక్కింది. బోస్టన్ రెడ్ సాక్స్ 1959 దాకా ఒక్క నల్లజాతి ఆటగాణ్ణి కూడా ఆడించలేదు. ఆ అన్యాయం ఆటగాళ్ల జీవితాలను దెబ్బతీసింది, తలుపులు మూసుకున్న జట్ల ఆటనూ దెబ్బతీసింది. నేషనల్ లీగ్‌లోని సిన్సినాటి నుంచి ఫ్రాంక్ రాబిన్సన్ 1966లో అమెరికన్ లీగ్‌లోని బాల్టిమోర్‌కు మారి, రాగానే సగటు, హోమ్ రన్‌లు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిన పరుగులు) మూడింటిలోనూ అమెరికన్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్ డాడ్జర్స్‌ను 4-0తో ఓడించింది. ఇన్నాళ్లూ ఏం పోగొట్టుకుంటున్నారో అమెరికన్ లీగ్ యజమానులకు ఆ ఒక్క మనిషి చూపించాడు.

పసిఫిక్ లీగ్‌కూ కారణాలు కనిపిస్తాయి. అక్కడ డీహెచ్ 1975 నుంచి ఉంది. దర్విష్, తనకా, ఒహ్తాని, యమమోతో అందరూ ఆ లీగ్‌లో పెరిగినవాళ్లే. రోజూ అలాంటి పిచ్చర్లను ఎదుర్కొన్న బ్యాటర్లు రాటుదేలారు.

7. లెక్కను ఎప్పటికప్పుడు కొత్తగా మొదలుపెట్టండి

2022 నుంచి అమెరికా రెండు లీగ్‌లలోనూ డీహెచ్ ఉంది. 2023 నుంచి ప్రతి జట్టూ మిగతా 29 జట్లతో ఆడుతోంది. 2025లో ఒక్కో జట్టుకు 48 ఇంటర్‌లీగ్ మ్యాచ్‌లు, మొత్తం 720. వర్గమూలం సుమారు 27. తేడా 54 దాటితే తప్ప నోరు విప్పకండి. అంతకు ముందున్న అంకెలను వీటితో కలపకండి, అప్పటి రూల్ వేరు.

జపాన్‌లో సెంట్రల్ లీగ్ 2027 నుంచి డీహెచ్ తేనున్నట్టు 2025లో ప్రకటించింది. కాబట్టి 2026 వరకు ఒక పట్టిక, 2027 నుంచి ఇంకో పట్టిక పెట్టుకోండి. రూల్ సమానమయ్యాక కూడా పసిఫిక్ ముందుంటే ఆ బలం డీహెచ్ పెట్టిన భిక్ష కాదని తేలుతుంది. ఏడాదికి 108 మ్యాచ్‌లే గనుక, అది తేలడానికి నాలుగైదు సీజన్లయినా పడుతుంది.