హైడ్రోజన్ షిప్ నిజంగా క్లీనేనా? ఇలా చెక్ చేయండి

హైడ్రోజన్‌తో నడిచే షిప్ అని న్యూస్ కనపడగానే ముందు అడగాల్సింది ఆ హైడ్రోజన్ ఎక్కడ్నుంచి వస్తోందని. నేచురల్ గ్యాస్ నుంచి తీస్తే కిలో హైడ్రోజన్‌కి దాదాపు 9-10 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఫ్యాక్టరీ దగ్గరే గాల్లో కలుస్తుంది, ఇక సముద్రంలో పొగ రాకపోతే మాత్రం ఏం లాభం. సోలార్, విండ్ కరెంటుతో నీళ్లని విడగొట్టి తీసిందైతేనే అసలు ఫలితం.

తర్వాత ట్యాంకు చూడండి, కష్టమంతా ఇక్కడే. బరువు లెక్కన హైడ్రోజన్‌లో డీజిల్‌కి దాదాపు 3 రెట్లు శక్తి ఉంటుంది కానీ మైనస్ 253 డిగ్రీలకి చల్లబరిచి లిక్విడ్ చేసినా అదే శక్తికి 4 రెట్లకి పైగా చోటు కావాలి, ట్యాంకు లోపల పెడితే ఆ చోటు ప్యాసింజర్ల దగ్గర్నుంచే తీసుకోవాల్సి రావచ్చు. నార్వేలో 2023లో లిక్విడ్ హైడ్రోజన్‌తో మొదలైన హైడ్రా ఫెర్రీ 300 మందిని, 80 కార్లని మోస్తుంది, దాని 80 క్యూబిక్ మీటర్ల ట్యాంకుని పైకప్పు మీదే పెట్టారు, లీకైనా తేలికైన గ్యాస్ కాబట్టి జనం వైపు రాకుండా పైకి పోతుంది. చాలా మంచి ఆలోచన అది.

హైడ్రోజన్‌ని ఇంజిన్‌లో కాలుస్తున్నారా, ఫ్యూయల్ సెల్ (కాల్చకుండానే హైడ్రోజన్‌ని గాల్లోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు తీసే పరికరం) వాడుతున్నారా అన్నది కూడా కనుక్కోండి. కాలిస్తే గాలిని పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, ఫ్యూయల్ సెల్‌లో కరెంటు, వేడి, నీళ్లు అంతే.

చివరిగా రూటు. రోజూ అదే రేవుకి తిరిగొచ్చే ఫెర్రీకైతే ఒక్కచోట ఫిల్లింగ్ ఉంటే సరిపోద్ది, కొచ్చిన్ షిప్‌యార్డ్ కట్టిన ఫ్యూయల్ సెల్ పడవ కూడా వారణాసిలో గంగ మీద తిరగడానికే. వారాల తరబడి సముద్రం మీదుండే క్రూయిజ్ షిప్‌కి మాత్రం దారిలో పోర్టుల్లో హైడ్రోజన్ దొరుకుతుందో లేదో చూసుకోవాలి.