రైఫిల్ కర్రకు కొత్త మెరుగు పెట్టే ముందు

1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మంటలు మొదలైంది 22వ అంతస్తులో, చెక్కపనికి వాడి వదిలేసిన అవిసె నూనె గుడ్డల దగ్గర. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. గుడ్డలు వాటంతట అవే అంటుకున్నాయి.

రైఫిల్ స్టాక్‌కు, అంటే లోహభాగం కూర్చునే కర్రకు, మెరుగు పెట్టడం గురించి రాస్తూ ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. తుపాకీ చేతిలో ఉన్నంతసేపు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. పని ముగిసి, చేతులు తుడుచుకుని, ఆ గుడ్డను మూలన పడేసి నిద్రపోయాక అసలు ముప్పు మొదలవుతుంది. స్టాక్‌కు పూసే అవిసె నూనె, టంగ్ చెట్టు గింజల నూనె నీళ్లలా ఆవిరై ఆరిపోవు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడతాయి. అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. కర్ర మీద పల్చటి పూత నుంచి పుట్టిన వేడి గాలిలో కలిసిపోతుంది. ఉండచుట్టిన గుడ్డలో మాత్రం బయటకు పోయే దారి లేక పేరుకుంటుంది. కొన్ని గంటల్లోనే పొగ, ఆ వెనుకే మంట. ‘బాయిల్డ్’ అని రాసి అమ్మే అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు కాబట్టి దానితో మరింత జాగ్రత్త అవసరం.

అందుకే నూనె సీసా మూత తీయకముందే, వాడిన గుడ్డలు ఎక్కడికి పోవాలో నిర్ణయించుకోండి. ఒక్కొక్క గుడ్డనూ విప్పి, ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా, ఒకదానిపై ఒకటి పడకుండా పరచండి. పూర్తిగా ఆరి బిరుసెక్కాకే పారేయండి. ఆరేసే చోటు లేకపోతే నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో ముంచి మూత బిగించండి. నూనె రుద్దడానికి వాడిన కాగితానికి, నూనెతో కలిసిన కర్రపొడికి కూడా ఇదే నియమం.

ఇక మొదటి అడుగు. తూటాలు నింపే మ్యాగజైన్ తీయండి, తూటాను లోపలికి నెట్టే బోల్ట్‌ను వెనక్కి లాగండి, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కళ్లతో చూడండి, వేలితో తడిమి చూడండి. తూటా బయటకు వచ్చే గొట్టం (బారెల్) కింద మరో గొట్టంలా మ్యాగజైన్ ఉన్న రకమైతే అందులోనూ చూడాలి. తూటాలు మరో గదిలో తాళం వేసి ఉండాలి. ‘నిన్ననే ఖాళీ చేశాను’ అన్న మాటకు ఇక్కడ చోటు లేదు. స్టాక్ విడదీశాక లోహభాగాన్ని కూడా తాళంలోనే పెట్టండి. కర్ర లేనంత మాత్రాన అది తుపాకీ కాకుండా పోదు. ఈ పని వారాల తరబడి సాగుతుంది, ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు.

విడదీసేటప్పుడు స్క్రూ గాడిలో ఖాళీ లేకుండా సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ వాడండి. వదులుగా ఉన్నది జారి గాడిని, పక్కనున్న కర్రను రెంటినీ పాడుచేస్తుంది. ముందు స్క్రూ, వెనుక స్క్రూ పొడవులు చాలా రైఫిళ్లలో వేరు. పొడవైనది తప్పు చోట బిగిస్తే లోపల కదిలే భాగాలకు తగలవచ్చు. ఏది ఎక్కడిదో రాసి పెట్టుకోండి, ఫోనుతో ఫొటోలు తీయండి.

స్టాక్ చేతికి వచ్చాక గీకడం మొదలుపెట్టకుండా ఒక రోజు ఆగమని నా సలహా. వెలుతురులో తిప్పి తిప్పి చూడండి. పాత సైనిక రైఫిళ్ల కర్ర మీద తనిఖీ ముద్రలు, అంకెలు ఉంటాయి. సేకరించేవారికి రైఫిల్ విలువలో పెద్ద వాటా వాటిదే. ఒకసారి సాండ్ పేపర్ కింద పోయిన ముద్ర తిరిగి రాదు. అలాంటి రైఫిల్‌కు మెత్తటి గుడ్డతో మురికి తుడిచి, పల్చగా నూనె పట్టిస్తే చాలు. పిడికిలి పట్టే సన్నటి చోట, లోహభాగం వెనుక తోకలా సాగిన కొన కర్రకు ఆనే చోట పగుళ్లు ఉన్నాయేమో చూడండి. కాల్చినప్పుడు వెనక్కి తన్నే బలమంతా అక్కడే పడుతుంది. పగులు కనిపిస్తే దాన్ని మెరుగుతో కప్పేయకండి. తెలిసిన పనివాడు బాగుచేసేదాకా ఆ రైఫిల్ పేల్చకూడదు.

పాత పూత ఏమిటో తెలియకుండా దాన్ని తీసే ద్రావణం కొనవద్దు. స్టాక్ వెనుక చివర భుజానికి ఆనే మడమ పట్టీ విప్పి, దాని కింద కనిపించని అంచు దగ్గర ఆల్కహాల్ చుక్క వేయండి. మెత్తబడి అంటుకుంటే అది లక్క పూత, ఆల్కహాల్‌తోనే పోతుంది. కదలకపోతే లాకర్ అనే పూతను కరిగించే థిన్నర్ వేసి చూడండి. దానికీ లొంగకపోతే వార్నిష్ గానీ పాలీయురెథేన్ గానీ కావచ్చు. అప్పుడే గట్టి ద్రావణం అవసరం. ఇక్కడ ఒక పేరు గుర్తుంచుకోవాలి: మిథిలీన్ క్లోరైడ్. దీని ఆవిరి పీలిస్తే శరీరంలో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదుల్లో దీన్ని వాడుతూ మనుషులు చనిపోయారు. రంగు తీసే ద్రావణాల్లో దీన్ని సాధారణ వినియోగదారులకు అమ్మకూడదని అమెరికా 2019లో నిషేధించింది. మామూలు మాస్క్ దీన్ని ఆపలేదు. డబ్బా మీద ఈ పేరు ఉంటే పక్కన పెట్టి, అది లేని రకం తీసుకోండి. కాస్త నెమ్మదిగా పనిచేస్తుంది, అంతే. ఏ ద్రావణమైనా ఆరుబయటే వాడాలి, ఆ ద్రావణాన్ని తట్టుకునే చేతి తొడుగులు, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ ఉండకూడదు. ఓవెన్ శుభ్రం చేసే కాస్టిక్ మందుతో పూత పోగొట్టే చిట్కా వినిపిస్తుంటుంది. దాన్ని వినకండి. కాస్టిక్ కర్రను నల్లబరుస్తుంది, నారను బలహీనపరుస్తుంది.

కర్రపొడిని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలి భాగాలకు ఆ ముప్పు ఎక్కువ. స్టాక్‌లకు ఎక్కువగా వాడే వాల్‌నట్ పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఉబ్బసం తెస్తుంది. ఎన్95 మాస్క్ ముఖానికి గట్టిగా ఆనేలా పెట్టుకోండి. పొడిని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో ఎత్తండి.

గీకుడులో నా తప్పు చెబుతాను. మొదటి స్టాక్‌కు మడమ పట్టీ విప్పి అంచుల దాకా రుద్దాను. తిరిగి బిగించేసరికి పట్టీ చుట్టూ కర్ర లోపలికి పోయి, లోహం అంచు బయటకు పొడుచుకొచ్చింది. ఆ కర్రను తిరిగి పెంచే మార్గం లేదు. అప్పటినుంచి పట్టీ బిగించే ఉంచి, దానికి టేపు అంటించి, లోహాన్ని ఆనుకునే ప్రతి అంచునూ చివర్లో చేత్తో రెండు మూడు రుద్దులతో సరిపెడుతున్నాను. చదును చోట సాండ్ పేపర్‌ను గట్టి దిమ్మకు చుట్టి, నార పొడవునే రుద్దాలి. 180 నంబరు కాగితంతో మొదలుపెట్టి, ఇంకా నునుపైన 220, 320 నంబర్ల దాకా వెళితే చాలు. యంత్రపు సాండర్ ఈ పనికి వద్దు. చేతి పట్టు కోసం కర్రపై చెక్కిన గళ్ల మీద సాండ్ పేపర్ అసలు పెట్టకండి, వాటిని శుభ్రం చేయడానికి పాత టూత్ బ్రష్ ఉంది కదా. సొట్టల కోసం కర్రనంతా అరగదీయనక్కర్లేదు. తడిగుడ్డ పరచి పైన వేడి ఇస్త్రీపెట్టె కాసేపు ఆనిస్తే నలిగిన నార ఆవిరికి ఉబ్బి లేస్తుంది. తెగిపోయిన నార మాత్రం లేవదు.

ఇనుప పీచు వాడితే దాని తునకలు కర్ర రంధ్రాల్లో మిగిలి, తడి తగిలినప్పుడు తుప్పు మచ్చలవుతాయి. ప్లాస్టిక్ పీచు మేలు.

పూతలో నిదానమే అసలు విద్య. పల్చగా రాసి, పావుగంట ఆగి, పైన మిగిలినదంతా తుడిచేయండి. జిగటగా వదిలేసిన పొర నెలలు గడిచినా సరిగా ఆరదు. వానల రోజుల్లో మరీ ఆలస్యమవుతుంది కాబట్టి పొడి వాతావరణం చూసుకోండి. పైభాగం ఎంత మెరిసినా, గొట్టం కూర్చునే గాడి లోపల, మడమ పట్టీ కింద కోసిన కొన దగ్గర పూత లేకపోతే తేమ అక్కడి నుంచే ఎక్కుతుంది. కర్ర ఉబ్బి గొట్టాన్ని నెడితే గురి మారిపోతుంది. అక్కడా రాయండి, అయితే అతి పల్చగా. లోహం ఆనే ముఖాల మీద పూత మందంగా పేరుకుంటే అదీ గురిని చెడగొడుతుంది.

పూర్తిగా ఆరాక బిగించండి. స్క్రూలు తయారీదారు చెప్పిన బిగువుకే ఆపండి. ఆ తర్వాత తూటా లేకుండా బోల్ట్, ట్రిగ్గర్, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట ఒక్కొక్కటీ పలుమార్లు పరీక్షించండి. సేఫ్టీ కర్రకు రాసుకుని సగంలో ఆగుతుంటే అక్కడ ఇంకా కొంచెం కర్ర తీయాలని అర్థం. గొట్టానికి, గాడికి మధ్య ఖాళీ ఉండే రకమైతే కాగితం ముక్కను ఆ చివర నుంచి ఈ చివరకు జరిపి చూడండి, ఎక్కడ ఆగితే అక్కడ తగులుతోంది. వేటకు గానీ పోటీకి గానీ వెళ్లే ముందు అనుమతి ఉన్న రేంజ్‌లో గురి కొత్తగా సరిచూసుకోండి. పాత గురి ఆ పాత కర్రతోనే పోయింది.