చెరువుగట్టు పూలను గుర్తుపట్టడం – 4వ పాఠం: వాగొడ్డు లిల్లీ

పోయిన పాఠంలో ఆకుల ఈనెలు చూశాం. ఇవాళ పువ్వు లోపలికి తొంగిచూద్దాం.

వానలు పడ్డాక వాగు పక్క బురదలో, పొడవాటి కాడ చివర గుత్తిగా పూసే తెల్లపూలు మీరు చూసే ఉంటారు. సాయంత్రానికి విచ్చుకుని రాత్రంతా ఘుమఘుమలాడతాయి. చాలామంది వీటిని స్పైడర్ లిల్లీ అనేస్తారు. నేనూ రెండేళ్లు నోట్‌బుక్కులో అలాగే రాసుకున్నాను. తర్వాత అన్నీ కొట్టేయాల్సి వచ్చింది! స్పైడర్ లిల్లీ అమెరికా ఖండాల నుంచి వచ్చిన తోటమొక్క. మన వాగుల్లో దానంతటదే పెరిగేది క్రైనమ్ వివిపారమ్. పాత పుస్తకాల్లో క్రైనమ్ డిఫిక్సమ్ అని ఉంటుంది.

రేకలు చూసి తేల్చబోతే పప్పులో కాలేసినట్టే. రెండింటికీ ఆరేసి సన్నటి తెల్ల రేకలే. చూడాల్సింది కేసరాల మొదలు. స్పైడర్ లిల్లీలో ఆరు కేసరాలనూ కలుపుతూ పల్చటి తెల్ల గిన్నె ఉంటుంది. క్రైనమ్‌లో ఆ గిన్నె ఉండదు. కేసరాలు దేనికది విడిగా, పైకి వెళ్లేకొద్దీ ఎర్రగా, ఊదాగా కనిపిస్తాయి.

గిన్నె లేదు కదా అని అక్కడే ఆగిపోకండి. ఇళ్ల ముందు పెంచే విషముంగలి కూడా క్రైనమ్ ప్రజాతిలో మరో మొక్కే. అప్పుడు ఆకు చూడాలి. విషముంగలి ఆకు ఇంచుమించు అరచెయ్యంత వెడల్పు. వాగొడ్డు దాని ఆకు సన్నగా, పొడుగ్గా, మధ్యలో కాలువ తీసినట్టు ఉంటుంది.

అడుగున ఉల్లిపాయలాగే పొరలు పొరల గడ్డ ఉంటుంది. గుర్తుపట్టడానికి దాంతో పనిలేదు, తవ్వకండి. నోట్లో అసలే పెట్టుకోవద్దు. లైకోరిన్ అనే విషపదార్థం ఉంది, వాంతులవుతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది దీని గింజ. గట్టి పెంకు లేకుండా, కండగా, చిన్న గడ్డలాగే ఉంటుంది. మట్టీ నీళ్లూ లేకుండా టేబుల్ మీద పెట్టినా, లోపల దాచుకున్న తేమతోనే మొలకెత్తుతుంది. వివిపారమ్ అంటే లాటిన్‌లో పిల్లల్ని కనేది అని అర్థం.

అభ్యాసం: రాలిన పువ్వొకటి తెచ్చి, బ్లేడుతో నిలువునా చీల్చండి. గిన్నె ఉందా, కేసరాల రంగేమిటి, ఆకు ఎన్ని వేళ్ల వెడల్పు: ఈ మూడూ బొమ్మ పక్కన రాయండి. కిందపడ్డ గింజ దొరికితే కిటికీ దగ్గర పెట్టి తేదీ వేయండి. అయిదో పాఠం ఆ మొలకతోనే మొదలుపెడదాం.