సైన్స్ నియమాలను షరతుతో సహా చదవడం: పోటీ పరీక్షల అభ్యర్థులకు ఒక పద్ధతి

రైల్వే గ్రూప్-డి పరీక్షలోని 100 ప్రశ్నల్లో 25 జనరల్ సైన్స్‌వే. అమలాపురం, నరసాపురం, భీమవరం వైపు నుంచి ఇలాంటి పరీక్షలకు సిద్ధమయ్యేవారిలో చాలామంది నియమాలను వాక్యాలుగా కంఠస్థం చేసి, ఆ వాక్యం ఏ పరిస్థితిలో చెల్లుతుందో చెప్పే షరతును మాత్రం వదిలివేస్తారు. ప్రశ్నపత్రం కూర్చేవారి చూపు ఉండేది ఆ షరతు మీదే. "పీడనం పెరిగితే వాయువు ఘనపరిమాణం తగ్గుతుంది" అన్న ఐచ్ఛికం కనబడగానే బాయిల్ నియమమని గుర్తించి టిక్కు పెట్టేస్తారు. "స్థిర ఉష్ణోగ్రత వద్ద" అన్న మాట కలిసిన అసలు సమాధానం దాని కిందే ఉంటుంది.

కాబట్టి నోటుపుస్తకంలో ఒక్కో నియమానికి ఒక్కో పేజీ కేటాయించండి. పైన నియమాన్ని మీ సొంత మాటల్లో రాసి, దాని కింద ఏ రాశులు మారుతున్నాయో, ఏవి మారకుండా ఉండాలో విడివిడిగా పేర్కొని, ఆ తరువాత మన చుట్టుపక్కల అది కనిపించే చోటును, దాని మీద ఒక చిన్న లెక్కను చేర్చండి. సమీకరణాన్ని అన్నిటికన్నా చివర రాయడం మంచిది. ముందే రాస్తే కన్ను దాని మీదే నిలిచిపోతుంది.

ద్రవం ఒక వస్తువును పైకి నెట్టే బలం, ఆ వస్తువు తొలగించిన ద్రవం బరువుకు సమానమని చెప్పే ఆర్కిమెడిస్ సూత్రంతో మొదలుపెడదాం. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లే పంటు (వాహనాలను నది దాటించే బల్లకట్టు) మీదకు వాహనాలు ఒక్కొక్కటే ఎక్కుతుంటే, పంటు అంచు నీటికి కొద్దికొద్దిగా దగ్గరవుతుంది. అడుగు భాగం చదునుగా, 50 చదరపు మీటర్ల వైశాల్యంతో ఉన్న పంటును ఊహించి, దాని మీదకు 2,000 కిలోల వాహనం ఎక్కిందనుకుందాం. పంటు అదనంగా 2,000 కిలోల నీటిని, అంటే 2 ఘనపు మీటర్ల నీటిని తొలగించాలి కనుక మరో 4 సెంటీమీటర్లు మునుగుతుంది. అదే పంటు అంతర్వేది దాటి సముద్రంలో ఉంటే, ఉప్పునీటి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1,025 కిలోలు కాబట్టి, ఆ వాహనానికి మునిగే లోతు 3.9 సెంటీమీటర్లే. ఇక్కడే అసలైన మెలిక ఉంది. నదిలో నుంచి సముద్రంలోకి వెళ్లిన పడవపై ఉత్ప్లవన బలం (నీరు పైకి నెట్టే బలం) పెరుగుతుందా అని అడిగితే, పెరగదు అన్నదే సమాధానం. తేలుతున్న వస్తువుపై ఉత్ప్లవన బలం ఎప్పుడూ దాని బరువుకు సమానం. మారేది మునిగిన భాగం ఒక్కటే.

ఇదే సూత్రం మీద చెరువు ప్రశ్న కూడా తరచుగా వస్తుంది. చేపల చెరువులో తేలుతున్న చిన్న పడవలోంచి 25 కిలోల రాయిని నీటిలో పడవేస్తే చెరువు మట్టం ఏమవుతుంది? రాయి పడవలో ఉన్నంతసేపూ తన బరువుకు సరిపడా 25 లీటర్ల నీటిని తొలగించింది. సాంద్రత నీటికి రెండున్నర రెట్లుంటే, మునిగిన తరువాత తన ఘనపరిమాణం మేరకు 10 లీటర్లనే తొలగిస్తుంది. అందుచేత మట్టం తగ్గుతుంది. తేలేటప్పుడు బరువు, మునిగినప్పుడు ఘనపరిమాణం అని పేజీలో రాసుకుంటే ఈ కోవ ప్రశ్నలన్నీ దారికి వస్తాయి.

ద్రవపీడనానికి కాలువ లాకులను తీసుకోండి. లాకు తలుపు దగ్గర 3 మీటర్ల లోతున నీటి వల్ల కలిగే పీడనం 29,400 పాస్కల్‌లు. తలుపు వెనక నీరు పది గజాలు నిలిచినా, పది కిలోమీటర్లు నిలిచినా ఆ అంకె మారదు, ఎందుకంటే లోతు, సాంద్రత, గురుత్వ త్వరణం తప్ప మరేదీ ఆ లెక్కలోకి రాదు.

వాయు నియమాలలో షరతుల గందరగోళం ఎక్కువ. బాయిల్ నియమానికి ఉష్ణోగ్రత, ఉష్ణోగ్రతతో పాటు వాయువు ఘనపరిమాణం పెరుగుతుందనే చార్లెస్ నియమానికి పీడనం స్థిరంగా ఉండాలి. రెంటికీ వాయు ద్రవ్యరాశి మారకూడదు. చార్లెస్ నియమంలో ఉష్ణోగ్రత కెల్విన్‌లోనే ఉండాలి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న వాయువు ఘనపరిమాణం రెట్టింపు కావాలంటే 40 డిగ్రీలు చాలవు. 293 కెల్విన్‌లు 586 కావాలి, అంటే 313 డిగ్రీల సెల్సియస్. ద్రవంపై వాయువు పీడనం పెరిగేకొద్దీ ఆ వాయువు అందులో ఎక్కువగా కరుగుతుందనే హెన్రీ నియమానికి గోలీసోడా చాలు. గోలీని నొక్కగానే సీసాలో పీడనం పడిపోయి, అంతవరకు కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బుడగలై పైకి వస్తుంది. అయితే ఈ నియమం కూడా స్థిర ఉష్ణోగ్రత వద్దనే చెల్లుతుంది. నీరు వేడెక్కితే వాయువుల ద్రావణీయత తగ్గుతుంది. ఎండాకాలంలో రొయ్యల చెరువు నీరు తక్కువ ఆక్సిజన్‌ను పట్టి ఉంచడానికి ఒక కారణం అదే.

మిగిలినవాటిని త్వరగా ముగించవచ్చు. స్ప్రింగు సాగుదల లాగే బలానికి అనులోమమనే హుక్ నియమం స్థితిస్థాపక అవధి లోపలే, అంటే బలం తీసేస్తే మళ్లీ పూర్వ రూపానికి వచ్చే హద్దు లోపలే వర్తిస్తుంది. విద్యుత్ ప్రవాహం వోల్టేజికి అనులోమమనే ఓమ్ నియమానికి వాహకం ఉష్ణోగ్రత మారకూడదు. ద్రవ్యవేగ నిత్యత్వానికి (ద్రవ్యరాశి, వేగాల లబ్ధం మొత్తం మారకుండా ఉండడానికి) బాహ్య బలం శూన్యం కావాలి. న్యూటన్ మూడో నియమంలో చర్య, ప్రతిచర్య వేర్వేరు వస్తువులపై పనిచేస్తాయి కాబట్టి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. పడవలోంచి గట్టు మీదకు దూకితే పడవ వెనక్కి జరగడం అందుకే. ద్రవాభిసరణానికి, అంటే పలచని ద్రావణం నుంచి చిక్కని ద్రావణంలోకి నీరు చేరడానికి, అర్ధపారగమ్య పొర (నీటిని పోనిచ్చి, కరిగిన పదార్థాన్ని ఆపే పొర) తప్పనిసరి. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి కణాలు వ్యాపించే విసరణకు అది అక్కర్లేదు. సముద్రంలో ఉండగా శరీరంలోని నీరు బయటికి పోకుండా, వరద గోదారిలోకి ఎదురీదాక బయటి నీరు అతిగా లోపలికి చేరకుండా పులస చేప సర్దుకోవలసి రావడం ఈ ద్రవాభిసరణం వల్లనే.

సిద్ధాంతాల దగ్గర మరో పొరపాటు జరుగుతుంటుంది. బాగా రుజువైన సిద్ధాంతం నియమంగా పదోన్నతి పొందుతుందన్న వాక్యాన్ని చూస్తే తప్పు అని గుర్తించండి. 1687లో న్యూటన్ ప్రకటించిన గురుత్వాకర్షణ నియమం ఆకర్షణ ఎంతో చెబుతుంది. ఎందుకన్నదానికి 1915 నాటి ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతం వివరణ ఇచ్చింది. ఆయనకు 1921 సంవత్సరపు నోబెల్ బహుమతి మాత్రం కాంతి విద్యుత్ ఫలితానికి వచ్చింది. అలాగే సి.వి. రామన్ తన పేరున్న ఫలితాన్ని కనుగొన్న తేదీగా 1928 ఫిబ్రవరి 28ని, దానికి నోబెల్ వచ్చిన సంవత్సరంగా 1930ని గుర్తుంచుకోండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతితో ముడిపడి ఉంది.

పాత ప్రశ్నపత్రాలు చేసేటప్పుడు, ఐచ్ఛికాలను చూడకముందే నియమం షరతును కాగితం అంచున రాయండి. తప్పు సమాధానానికి మూడో వంతు మార్కు పోయే పరీక్షలలో, షరతు గుర్తురాని ప్రశ్నను ముందు వదిలి, చివర సమయం మిగిలితే తిరిగి చూడండి.