కన్నుమూసిన అమ్మ పేరిట హాస్పిస్‌కు విరాళాలు: అడగడానికి ముందు

☐ ముందు హాస్పిస్ (నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే సంస్థ) వాళ్లతో మాట్లాడండి. వాళ్ల పేరు, లోగో వాడుకోవడానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

☐ డబ్బు మీ సొంత ఖాతాలో పడనివ్వకండి. మీరెంత నిజాయితీపరులైనా రేపు లెక్క అడిగేది అయినవాళ్లే! నేరుగా హాస్పిస్ ఖాతాకే వెళ్లాలి. వెబ్‌సైట్ ద్వారా సేకరిస్తే ఆ వెబ్‌సైట్ వాళ్లు పట్టుకునే రుసుము ఎంతో, రసీదు ఎవరిస్తారో ముందే కనుక్కోండి.

☐ "ఫలానా గదికే" అని షరతు పెడితే ఆ డబ్బు నర్సుల జీతాలకు, నొప్పి మందులకు వాడుకోలేకపోవచ్చు. షరతు లేకుండా ఇస్తేనే వాళ్లకు ఎక్కువ ఉపయోగం.

☐ తోబుట్టువులు ఒప్పుకున్నారా? అమ్మ ఫొటో దగ్గరే పేచీ వస్తుంది. మంచం పట్టినప్పటిది వద్దు, నవ్వుతున్నది పెట్టండి. జబ్బు వివరాలు ఊరంతటికీ అక్కర్లేదు.

☐ విరాళాల సేకరణకు ముగింపు తేదీ పెట్టుకోండి.

☐ అమ్మ గురించి నాలుగు మాటలు రాయబోతే ఇంకా గొంతు పూడుకుపోతోందా? ఒక నెల ఆగండి.